కాఫీ పోసే ఆవిడ కొడుకు

స్కార్వోయ్ దీవిలో రాగ్నా ఇంట్లో కాఫీ దిగితే మొదటి కప్పు మనుషులకి దక్కేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా, ఎంత చలిలో వణుక్కుంటూ వచ్చినా సరే, ఆవిడ ముందు ఆ కప్పు పట్టుకుని వెనక తలుపు తీసి రాళ్ళ మీదుగా కిందికి దిగేది. నీళ్ళ అంచున బల్లలా పరుచుకున్న రాయి ఒకటి ఉంది. దాని మీద నిలబడి కాఫీ సముద్రంలో పోసి, "ఇది నీకు" అని వచ్చేసేది. మొక్కు లేదు, కోరిక లేదు. వచ్చి చేతులు తుడుచుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అని చుట్టాల ముందు కూర్చునేది.

ఆ కాఫీ రాన్‌కి. సముద్రం అడుగున ఇల్లున్న పొడుగాటి దేవత. మునిగిపోయిన వాళ్ళని వలేసి లాక్కుని తన ఇంట్లో, తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంటుందని పాత మాట. దీవిలో చర్చి వదిలేసి మళ్ళీ ఆ పాత దేవతల్ని కొలిచేవాళ్ళు పిడికెడు మంది ఉన్నారు. పండగలకి పడవల షెడ్డులో కలుసుకుంటారు. నిప్పు చుట్టూ నిలబడి, కొమ్ములో బీరు పోసి చేతులు మార్చుకుంటూ తాగుతారు. ఒకరికి ఉరుముల దేవుడంటే ఇష్టం, ఒకరికి పంటల దేవత. రాన్‌ని పట్టుకుంది మాత్రం రాగ్నా ఒక్కతే. మిగతావాళ్ళు ఆ పేరెత్తడానికే జంకేవాళ్ళు.

అది భక్తితో మొదలవలేదు. భర్త బెర్గెన్ పట్నంలో ఇంకో సంసారం పెట్టుకున్న ఏడాది, చంకలో పసివాడు ఐవిన్‌తో మిగిలిపోయింది రాగ్నా. ఆ చలికాలం పలకరించే మనిషి లేక, ఒక పొద్దున కాఫీ కప్పుతో రాయి దాకా దిగి, సగం తను తాగి సగం నీళ్ళలో పోసింది. "నువ్వూ ఒక్కదానివేగా, తాగు" అంది. మర్నాడూ వెళ్ళింది. ఆ తర్వాత వెళ్ళకుండా ఉండలేకపోయింది. పుస్తకాలూ పూజలూ షెడ్డులో మనుషులూ అన్నీ తర్వాత వచ్చినవి.

ఐవిన్ పెద్దవాడై, పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టి, చేపల పడవ కొనుక్కున్నాడు. వాడికి ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. "అమ్మా, మీ సముద్రపావిడకి ఇవాళ కాస్త చిక్కగా పొయ్యి. చేపలు బాగా పడాలి" అనేవాడు, వేటకి వెళ్తూ తల్లి దగ్గర ఆగి, బూట్లు తొడుక్కుంటూ.

"లంచం కాదురా అది."

"మరేంటి?"

"ఏమో. ఇస్తాను, అంతే. నీకు అన్నం పెట్టేటప్పుడు నీ దగ్గర ఏం అడిగాను?"

"గిన్నెలు కడగమన్నావు" అని నవ్వుతూ వెళ్ళిపోయేవాడు.

అక్టోబరులో ఒక తుఫాను తర్వాత పడవ బోర్లా తేలింది. ఐవిన్ దొరకలేదు.

ఆ రోజు నుంచి మొదటి కప్పు పొయ్యి మీంచి దిగి బల్ల మీదే చల్లారిపోయేది. రాగ్నా వెనక తలుపుకి గడియ పెట్టేసింది. కోడలు టోర్డిస్ తన ఇల్లు వదిలి, నాలుగేళ్ళ పాప సిగ్నేని తీసుకుని అత్తగారి దగ్గరికి వచ్చేసింది. ఎవరికి ఎవరు తోడని వచ్చిందో ఇద్దరికీ తెలీదు. టోర్డిస్ వృద్ధాశ్రమంలో నర్సు. పగలంతా ముసలివాళ్ళకి తినిపించి, సాయంత్రం పాపని బడి నుంచి తెచ్చుకుని, వంటింట్లో అత్తగారి ఎదురుగా కూర్చునేది. ఇద్దరూ చేపల పులుసు తినేవాళ్ళు. మాటలు తక్కువ.

ఒక్కసారి మాత్రం టోర్డిస్ అడిగింది. "అత్తయ్యా, ఆవిడంటే మీకు కోపంగా లేదా?"

"ఉంది" అంది రాగ్నా.

"నాకు మాత్రం ఆవిడ లేనే లేదు. అందుకని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీడం లేదు."

డిసెంబరు వచ్చింది. అంత ఉత్తరాన ఉన్న దీవిలో సూర్యుడు లేవడం మానేశాడు. మధ్యాహ్నం పూట కాసేపు ఆకాశం నీలంగా నలిగి, మళ్ళీ చీకటైపోయేది. అప్పుడొచ్చాడు కొల్‌బేన్. పాతికేళ్ళు జనాన్ని దాటించే ఫెర్రీ పడవ నడిపి రిటైరైన మనిషి. షెడ్డు గుంపులో రాగ్నా తర్వాత పెద్ద. వాఫుల్ అట్ల మీద గోధుమరంగు చీజ్ పరుచుకుని నిదానంగా తిని, అసలు మాట ఎత్తాడు.

"చలికాలపు పండగ దగ్గర పడింది. కొమ్ము ఎవరు పట్టుకోవాలి?"

"నువ్వు పట్టుకో."

"నేను పట్టుకుంటే ఒలకబోస్తాను, నీకు తెలుసు." గొంతు తగ్గించాడు. "రాగ్నా, కుర్రాళ్ళు కొత్తగా చేరినప్పుడల్లా నువ్వే చెప్పేదానివి. దేవతలకి ఇచ్చేది అప్పు కాదు, వసూలు చేసుకోడానికి, అని."

"చెప్పాను. అప్పుడు నా కొడుకు బతికున్నాడు."

కొల్‌బేన్ లేచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకే రాగ్నాకి ఏడుపొచ్చింది. కానీ అతను వెళ్ళేదాకా ఏడవలేదు.

అతను వెళ్ళాక వెనక తలుపు గడియ తీసింది.

చేతిలో కప్పు లేదు. రాళ్ళ మీద మంచు పేరుకుని ఉంది. రాయి మీద నిలబడితే అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్ళు నల్లగా, నూనెలా కదులుతున్నాయి.

"ఇన్నేళ్ళు పోశాను" అంది రాగ్నా. "ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పోసినదంతా లెక్కలో వేసుకో. నా కొడుకుని పంపించు. ఒక్కసారి చూస్తాను."

అలలు ఆగాయా అనిపించింది. మళ్ళీ మామూలే. చెంపలు మొద్దుబారి, తన మీద తనకే సిగ్గేసి, ఇంటికొచ్చి పడుకుంది.

మర్నాడు టోర్డిస్ పనికి వెళ్ళింది. పాప బడికి వెళ్ళింది. రాగ్నా వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మధ్యాహ్నమే, కానీ కిటికీ అవతల ఏమీ కనపడడం లేదు. రేడియోలో ఎవరో చేపల ధరలు చదువుతున్నారు.

ముందు వాసన వచ్చింది. డీజిలు, తడిసిన తాడు, వాటి కింద సముద్రపు నాచు కుళ్ళిన వాసన. పొయ్యి మీద ఏమైనా మాడుతోందా అని చూసింది. లేదు.

తర్వాత వెనక గుమ్మం దగ్గర చప్పుడు. మెట్టుకి బూట్లు కొట్టుకుని దులుపుకుంటున్న చప్పుడు. ఎడమది, కుడిది. మంచు దులుపుకోకుండా లోపలికొస్తే తల్లి తిడుతుందని తెలిసినవాడు చేసే చప్పుడు.

రాగ్నా చేతిలో కత్తి ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది.

ఐవిన్ వచ్చి పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. పసుపు రంగు వానకోటు. జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. మొహం బాగానే ఉంది. కాస్త పాలిపోయింది, అంతే. రాగ్నా చాలాసేపు చూస్తే తప్ప తెలీలేదు... వాడు రెప్ప వెయ్యడం లేదు.

"కాఫీ ఉందా అమ్మా?"

గొంతు వాడిదే. గుసగుసలా వచ్చింది, చాలా లోతు నుంచి ఎక్కి వచ్చినట్టు.

ఆవిడ పోసిచ్చింది. వాడు కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆవిరి ఒక్కసారిగా తెగిపోయింది. రాగ్నా వాడి ముందు నేల మీద కూర్చుండిపోయి, తడి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. మంచుగడ్డ మీద పెట్టుకున్నట్టుంది. అయినా తియ్యలేదు.

"ఎందుకు పిలిచావమ్మా?"

"చూడాలనిపించింది రా."

"నేను బాగానే ఉన్నాను అక్కడ." వాడి మాటలు ఒక్కొక్కటే బొట్టు బొట్టుగా రాలుతున్నాయి. "వెళ్ళగానే ఆవిడ అడిగింది. నువ్వు కాఫీ పోసే ఆవిడ కొడుకువా, అని. అవునన్నాను. నిప్పు పక్కనే చోటిచ్చింది. అంత మంచి చోటు ఎవరికీ ఇవ్వరట."

రాగ్నా తలెత్తి చూసింది.

"వెచ్చగా ఉండేదమ్మా. నిన్న ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది. లెక్క సరిపోయింది, ఇక వెళ్ళు, అంది." వాడు కప్పు వైపు చూశాడు. "నా చోట్లో ఇంకెవరో కూర్చున్నారు."

"మళ్ళీ వెళ్ళొచ్చుగా?"

"ఎక్కడికి?" అన్నాడు ఐవిన్.

టోర్డిస్ కారు చప్పుడు వినపడేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. నేల మీద నీళ్ళు. రాగ్నా వంగి తుడిచింది. తుడిచిన గుడ్డ పిండి, వేలు నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

టోర్డిస్‌తో చెప్పలేదు. చెబితే వాడు రావడం మానేస్తాడేమో అని భయం. ఇంకో భయం కూడా ఉంది, దానికి పేరు పెట్టలేదు.

వాడు రోజూ వచ్చాడు. ఒక్కసారి చూస్తానంది రాగ్నా. కానీ వాడికి వెళ్ళడానికి వేరే చోటు లేదు. వచ్చి పొయ్యి పక్కన కూర్చునేవాడు. ఆవిడ చిన్నప్పటి కబుర్లు చెప్పేది. గొడ్డు గోదాలు లేని ఇంట్లో వాడు మేకపిల్ల కావాలని ఏడ్చిన సంగతి, మొదటిసారి పట్టిన చేపని పక్కలో పెట్టుకు పడుకున్న సంగతి. వాడు వినేవాడు. నవ్వేవాడు కాదు. మొదట్లో రాగ్నాకి అదే స్వర్గంలా ఉంది. వాడు అక్కడ ఉన్నాడు, చాలు.

కానీ ఇల్లు మారిపోయింది. పొయ్యిలో కట్టెలు ఎన్ని పేర్చినా పొగే తప్ప మంట లేదు. గోడలకి చెమ్మ ఎక్కింది. రొట్టెలకి బూజు. "అత్తయ్యా, ఏదో చచ్చిన వాసన. పైపులు పగిలాయేమో, మనిషిని పిలిపిద్దాం" అంది టోర్డిస్. సిగ్నేకి దగ్గు పట్టుకుంది. గొంతులో నీళ్ళు ఉన్నట్టు గరగరలాడే దగ్గు.

ఐవిన్ కూడా మారాడు. మాటలు తగ్గాయి. పెదాలు నీలంగా అయ్యాయి. చేతులు ఎప్పుడూ పొయ్యి వైపు చాపుకునే ఉండేవాడు, చాపిన చోట నిప్పు ఆరిపోయేది.

"చలేస్తోందమ్మా."

రాగ్నా తన శాలువా తీసి కప్పింది. కాసేపటికి శాలువా నుంచీ నీళ్ళు కారాయి.

"చాలా చలేస్తోంది... పాప ఎక్కడ?"

"బడిలో ఉంది."

"వచ్చాక కాసేపు నా ఒళ్ళో కూర్చోబెట్టవూ?" రెప్ప వెయ్యని కళ్ళతో తల్లిని చూశాడు. "చిన్నపిల్లలు వెచ్చగా ఉంటారు."

రాగ్నా శాలువా అంచు పిండింది. 

"వద్దులే నాన్నా. దానికి దగ్గు" అంది.

"నాకు తెలుసు" అన్నాడు వాడు. "పక్కన పడుకున్నాను... రాత్రి."

ఆవిడ మేడ మీదికి పరిగెత్తింది. పాప పక్క తడిమింది. గోడ వైపు సగం పొడిగా ఉంది. ఇవతలి సగం... తడి. ఆ తడి మీద పొడుగ్గా మనిషి ఆకారం. దిండు మీద నాచు పోగు ఒకటి.

రాగ్నా ఆ పక్క అంచున కూర్చుని చాలాసేపు ఏడ్చింది. వాడు చెడ్డవాడు కాడు. ఎప్పుడూ కాడు. చలికి తట్టుకోలేక కూతురు దగ్గరికి వెళ్ళాడు. వాడికి వెచ్చటి చోటు ఉండేది. తెలీకుండా ఇన్నేళ్ళూ తను పోసిన కాఫీ అంతా ఆ చోటు అయింది. దాన్ని తనే లాగేసింది.

కిందికి వచ్చి కాఫీ పెట్టింది. పొయ్యి అంటుకోకపోతే కరెంటు స్టవ్ మీద పెట్టింది. ఫ్లాస్కులో పోసుకుంది. ఐవిన్ ముందు నిలబడి చెయ్యి చాపింది.

"పద నాన్నా."

వాడు ఎక్కడికని అడగలేదు. చెయ్యి అందుకున్నాడు. ఆ చల్లదనం మోచేతి దాకా, భుజం దాకా పాకింది. వెనక తలుపు తీసి ఇద్దరూ బయటికి వచ్చారు. పైన రోడ్డు మీద ఏదో కారు దీపాలు కదులుతున్నాయి. మంచు మీద రాగ్నా అడుగులు కరకరలాడాయి. వాడి అడుగులకి చప్పుడు లేదు.

రాయి దగ్గరికి వచ్చేసరికి వాడు ఆగిపోయాడు.

"అమ్మా... నీళ్ళు చల్లగా ఉంటాయి."

నాలుగేళ్ళప్పుడు, ఈత నేర్పుదామని వేసవిలో ఇదే రాయి మీదికి తీసుకొస్తే, వాడు ఇదే మాట అన్నాడు. అప్పుడు ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయింది. ఇప్పుడు ఎత్తుకోడానికి లేదు.

"కాసేపే" అంది రాగ్నా.

ఫ్లాస్కు మూత తీసి కాఫీ అంతా సముద్రంలో పోసింది. ఆవిరి నీళ్ళ మీద నిలబడి మెల్లగా విడిపోయింది.

"నువ్వు తీసుకున్నావని కోప్పడ్డాను. ఇప్పుడు నేనే ఇస్తున్నాను" అంది. "ఇది నీకు. వీడు నీకు. వీణ్ణి బాగా..."

ఆగిపోయింది. బాగా చూసుకో అనబోయింది. నిప్పు పక్కన కూర్చోబెట్టు అనబోయింది. ఏ తల్లయినా అంటుంది. కానీ అదీ అడగడమే. అడిగి ఇస్తే అది మళ్ళీ బేరమే అవుతుంది.  పెదవి కొరుక్కుని ఆ మాటని లోపలికి మింగేసింది. జీవితంలో అంత చేదు ఇంకేదీ మింగలేదు.

ఐవిన్ చెయ్యి ఆమె చేతిలోంచి జారింది. వాడు వెనక్కి చూడలేదు. మోకాళ్ళ దాకా, నడుం దాకా, మెడ దాకా నడిచాడు. నీళ్ళు కదలను కూడా లేదు. పసుపు కోటు కాసేపు కింద మసగ్గా వెలిగి, మరింత కిందికి దిగి, కనపడకుండా పోయింది.

రాగ్నా అక్కడే నిలబడింది. దుఃఖం ఉంది, కానీ దానికి అడుగు దొరికినట్టుంది. ఇన్నాళ్ళూ అది లేకే మునిగిపోతూ వచ్చింది. చేతులు మొద్దుబారి ఏమీ తెలియడం లేదు. కళ్ళు మంచుకి అంటుకుపోతుంటే, తల వంచుకుని, వెనక్కి తిరిగి ఇంటికి ఎక్కింది.

లోపల పొయ్యి భగ్గున మండుతోంది. ఎప్పుడంటుకుందో తెలీదు. వాసన పోయింది. రాగ్నా ఆ వేడిలో నిలబడి, చాలా రోజుల తర్వాత పూర్తిగా ఊపిరి పీల్చుకుంది. పాప పక్క బట్టలు మార్చాలి, పులుసు పెట్టాలి అనుకుంది. పండగకి కొమ్ము తనే పట్టుకుంటానని కొల్‌బేన్‌కి చెప్పాలి అనుకుంది.

ఫోను మోగింది. టోర్డిస్.

"అత్తయ్యా." గుసగుసలాడుతోంది. "ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరే. నువ్వెక్కడున్నావు?"

"గేటు దగ్గరే. కార్లో. పాప నిద్రపోయింది... తలుపులు వేసుకుని కూర్చున్నాను."

"లోపలికి రా మరి. చలి."

అవతల ఊపిరి వినపడింది. 

"రోడ్డు మీంచి చూశాను. మీరు రాయి మీద ఒక్కరే నిలబడి ఉన్నారు. ఏదో పోస్తున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు కదా అని సంతోషించాను. కారు తిప్పుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి మీరు పైకి ఎక్కుతున్నారు."

"ఆఁ."

"పక్కన ఉన్నది ఎవరు?"

రాగ్నా ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"మీ షెడ్డు వాళ్ళనుకున్నాను. కానీ ఈ చలిలో... కాళ్ళకి చెప్పులు కూడా లేవు. మీరే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు అత్తయ్యా. మెట్ల మీద పడిపోకుండా."

"మగవాడా?" అంది రాగ్నా. 

"కాదు. ఆవిడ..." టోర్డిస్ ఏడుస్తోంది. "చాలా పొడుగు. గుమ్మం దగ్గర బాగా వంగి లోపలికి వచ్చింది. మీరే తలుపు వేశారు."

రాగ్నా ఫోను చెవికి ఆనించుకునే మెల్లగా వెనక గుమ్మం వైపు చూసింది. తలుపు వేసే ఉంది. గుమ్మం పైచెక్క మీద, తన చెయ్యి అందని ఎత్తులో, తడి మరక. ఎవరో వంగీ సరిపోక, తల రాసుకుంటూ వచ్చినట్టు.

మరక నుంచి ఒక బొట్టు రాలింది. అది తప్ప నేల మీద ఎక్కడా తడి లేదు, లోపలికి వచ్చిన అడుగుల తడి కూడా.